నా బిడ్డ ఎదురొస్తే తల కప్పుకున్న వాడ

ఆ ఎండాకాలం మా వాడలో అందరూ తల కప్పుకుని తిరిగారు. ఆడవాళ్లు కొంగు, మగవాళ్లు తువ్వాల. మా గుడికి కొత్తగా వచ్చిన పూజారి కొద్ది రోజులు చూసి, నారాయణపేటలో ఇంత భక్తి గల వాడ ఇంకొకటి లేదని మెచ్చుకున్నాడు. ఈ రోజుల్లో కూడా నెత్తిమీద కొంగు జారనివ్వని ఆడవాళ్లను చూస్తే తనకు కడుపు నిండిపోతున్నదని చెప్పి, మాకు మాత్రం పులిహోర రెండోసారి వడ్డించాడు. నేను రెండు చేతులా అందుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను. అసలు సంగతి చెప్పి ఆయన సంతోషం చెడగొట్టబుద్ధి కాలేదు. పులిహోర కూడా బాగుంది.

అసలు సంగతి ఏమిటంటే, మా వాడ కొంగు కప్పుకున్నది దేవుడికోసం కాదు, నా బిడ్డకు భయపడి.

మా ఊరు పాలమూరు నుంచి విడిపోయి తానే జిల్లా అయిన తర్వాతి మాట. నా బిడ్డ హైదరాబాదులో సైకాలజీ ఎం.ఏ. పూర్తి చేసి, రెండు సంచులతో ఇంటికి వచ్చింది. ఆ చదువు ఏమిటో నాకు తెలియదు. నేను బడి గడప తొక్కలేదు. మా నాయిన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూ, పక్కగోడ మీద సుద్దముక్కతో రాసి నాకు అక్షరాలు దిద్దించాడు. నేత సాగుతున్నంతసేపు అ ఆలు, ఎప్పుడైనా పోగు తెగితే దాన్ని అతికేలోపు ఒత్తులు. మా నాయిన మగ్గం మీద పోగులు బాగానే తెగేవి కాబట్టి నాకు చదవడం వచ్చింది, పారాయణం చేసుకోగలుగుతున్నాను. ఆ పోగులను తెంపిన దేవుడి మేలు నేను మరిచిపోను.

బిడ్డ దిగేసరికి మా అత్తమ్మ అరుగు మీద కూచుని ఉంది. మా ఇంటికి ఆమే పెద్ద. మా ఆయన బజారులో చీరల కొట్టు నడుపుతాడు, నలుగురితో గట్టిగా బేరమాడతాడు, కాని ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా అమ్మను అడిగి కొడతాడు. అత్తమ్మ మనుమరాలిని దగ్గరికి తీసుకుని, గిన్నేండ్లు ఏం చదివినవే అని అడిగింది. బిడ్డ నోరు తెరిచేలోపే మా ఆయన గర్వంగా అందుకుని, మనుషుల మనసులు చదువుడు నేర్చుకున్నదమ్మా అన్నాడు.

బిడ్డ నవ్వి, అవ్వ ముఖంలోకి చూసి, "అవ్వా, నువ్వు బెల్లం తిన్నవ్ గదా" అంది.

అత్తమ్మకు చక్కెర జబ్బు. బెల్లం డబ్బాను నేను పై అరలో, పప్పుల వెనక దాచాను. ఆమె స్టూలు వేసుకుని తీసుకుని తిన్నట్టు ఇంట్లో ఎవరూ చూడలేదు. కాని చెంపకు ఒక బెల్లం పలుకు అంటుకుని ఉంది. నాకూ కనిపించింది. ఆ వాకిట్లో దాన్ని చూడలేని మనిషి అత్తమ్మ ఒక్కతే. ఆమె గబుక్కున లేచి లోపలికి పోయింది.

మరునాడు పొద్దున ఆమె నెత్తిన కొంగు కప్పుకుని లేచింది. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఈమె ముందే చాలా ఏళ్లు కొంగు కప్పుకుని తిరిగాను. ఇప్పుడు ఈమె తన మనుమరాలి ముందు కప్పుకుంది. తల నొప్పా అని అడిగాను. నన్ను వంటింట్లోకి లాగి, గొంతు తగ్గించి చెప్పింది. "పసిపిల్లకు మాడు మీద నూనె పెడతం గద. మెదడుకు తొవ్వ గదే. అది మూసిపెడితె ఇగ ఎట్ల చదువుతది?"

నేను కాదనలేదు. పెద్దవాళ్ల మాట కాదనవద్దని మా నాయిన నేర్పించాడు. పైగా దీని వల్ల ఇంట్లో ఎవరికీ నష్టం కనిపించలేదు.

అత్తమ్మ ఈ ఉపాయం నీళ్లు పట్టే నల్లా కాడ ఒకరికి చెప్పింది. ఆ ఒకరు ఇంకొకరికి. వారం తిరక్కముందే నా బిడ్డ పాల ప్యాకెట్‌కు బజారుకు పోతుంటే అటూ ఇటూ కొంగులు లేచేవి. కిరాణా కొట్టామె నా బిడ్డను చూడగానే తూకం రాళ్లు వదిలిపెట్టి ముందు తల కప్పుకునేది. పాపం నా బిడ్డ, మన వాడల ఎండ ఎక్కువైనట్టున్నదమ్మా అంది. అవునన్నాను. ఎండ నిజంగానే ఎక్కువగా ఉంది.

మేలు కూడా జరిగింది. ఒక శనివారం నైవేద్యానికి భక్ష్యాలు చేసి మూతపెట్టి, దీపం వెలిగించి వచ్చేసరికి ఒకటి తక్కువైంది. ఇంట్లో ఉన్నది మా మరిది. నేను దొంగతనం మాట ఎత్తలేదు. తువ్వాల జర తియ్యి, బిడ్డ వస్తాందని మాత్రం అన్నాను. ఆయన తువ్వాల రెండు చేతులతో పట్టుకుని, ఒకటి కాదు వదినా, నిన్న గూడ ఒకటి అని ఒప్పుకున్నాడు. చదువు ఇంటికి ఇంత వెలుగు తెస్తుందని మా నాయిన చెబితే అప్పట్లో నమ్మలేదు.

ఇంతలో బిడ్డకు ఫోను వచ్చింది. ఆమె ఇంటికి రాకముందే రాసిన ప్రవేశ పరీక్షలో, ఇంటర్వ్యూలో గట్టెక్కినందుకు, హైదరాబాదులోనే క్లినికల్ సైకాలజీలో సీటు వచ్చింది. ఇంకా రెండేళ్ల చదువు. నెలాఖరులోపు చేరకపోతే సీటు వెనక ఉన్నవాళ్లకు పోతుంది. అటు పాలమూరులో ఒక ప్రైవేటు బడి వాళ్లు, పిల్లలకు కౌన్సెలరుగా వచ్చే వారమే చేరమంటున్నారు. నా బిడ్డకు సీటు కావాలి. ఆ మాట వాళ్ల నాయినతో చెప్పింది. మా ఆయన ఎప్పటిలాగే, మీ అవ్వను అడుగు అన్నాడు.

అత్తమ్మ అడగకముందే చెప్పేసింది. "చదివింది చాలు. పాలమూరు బడిల చేరమను." ఎందుకని అడిగితే, కొంగును ఇంకో మడత వేసుకుంది, అంతే.

నా బిడ్డ ఏడవలేదు. గదిలోకి పోయి పుస్తకం తెరిచి, చాలాసేపు ఒకే పేజీ చూస్తూ కూచుంది.

వాడకు ఈ సంగతి పట్టలేదు. వాళ్ల భయం పాతబడి ఆశగా మారింది. తల గట్టిగా కప్పుకుని, చూపించుకోవడానికి ఒక్కొక్కరే మా అరుగు ఎక్కడం మొదలుపెట్టారు. ఒకామెకు పంటినొప్పి. ఒకామెకు అల్లుడు మనసులో ఎవరున్నారో తెలియాలి, అల్లుడేమో పుణెలో ఉన్నాడు. ఇంకొకామె పిల్లకు పాలివ్వని మేకను తాడు పట్టుకుని తెచ్చింది. నా బిడ్డ ఒక్కొక్కరికి ఓపికగా, పంటికి పంటి డాక్టరని, మేకకు పశువుల దవాఖానని చెప్పి పంపింది. అల్లుడి సంగతి అల్లుణ్ణే అడగమంది. అందరూ నొచ్చుకున్నారు. ఏది చెప్పినా నాది కాదంటాంది, మరి నీ బిడ్డ దేని డాక్టరే అని నన్ను నిలదీశారు.

నాకు తెలిస్తే కదా. ఆ మధ్యాహ్నం చింతపండు ముందు వేసుకుని గింజలు తీస్తూ, నాకు చెప్పమని బిడ్డను కూచోబెట్టాను. ఆమె చెప్పింది చెప్పినట్టు గుర్తుంది, ఎందుకంటే మధ్యలో నేను చాలాసార్లు ఆపాను.

మందులు రాసేవాళ్లు వేరట, వాళ్లను సైకియాట్రిస్టులంటారట. ముందు ఎంబీబీఎస్ చదివి, అందరిలాగే గుండె, ఊపిరితిత్తులు అన్నీ నేర్చుకుని, ఆ పైన మనసు జబ్బుల చదువు చదువుతారు. సైకాలజిస్టు ఆ డాక్టరు కాదు, గోలీలు రాయకూడదు. అందులోనూ ఒక రకం కాదు. క్లినికల్ వాళ్లు ఎం.ఏ. తర్వాత దవాఖానలోనే ఉండి, పెద్దవాళ్ల కనుసన్నల్లో రోగులను చూస్తూ రెండేళ్లు ఎం.ఫిల్. చేయాలి. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అది అయ్యాక ఢిల్లీలో రిజిస్టరులో పేరు ఎక్కితేనే ఆ బోర్డు పెట్టుకోవాలి. జబ్బు ఏమిటో పరీక్షలు పెట్టి కనిపెట్టడం, నెలల తరబడి మాటలతో మనిషిని గట్టుకు చేర్చడం వాళ్ల పని. కౌన్సెలింగ్ వాళ్లకు ఎం.ఏ. ఉండాలి, చాలామంది దానిమీద ఒక డిప్లొమా కూడా చేస్తారు. పరీక్షల భయం, మొగుడూపెళ్లాల తగాదా, మనిషి పోయిన దుఃఖం వాళ్ల దగ్గరికి వస్తాయి. బడి పిల్లల కోసం ఉండేవాళ్లు, కంపెనీలో ఎవరికి ఏ పని సరిపోతుందో చూసేవాళ్లు, నేరం చేసినవాడి తీరు పోలీసులకు, కోర్టుకు చెప్పేవాళ్లు, ఒక్క రోగినీ చూడకుండా డాక్టరేటు చేసి కాలేజీలో పాఠం చెప్పేవాళ్లు, అందరూ సైకాలజిస్టులే.

నాకు మా నాయిన ఇల్లు గుర్తొచ్చింది. చీర కట్టుకునేవాళ్లకు మేమందరం నేసేటోళ్లమే. కాని నూలుకు రంగు వేసేవాడు మగ్గం ఎక్కడు. పోగులను మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసే ఆడమనిషి రంగు కాగులో చెయ్యి పెట్టదు. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు అతికేవాడికి అంచు తీయడం రాదు. ఎవరిది వాళ్లు నేర్చుకోవాలి, ఏళ్లు పడుతుంది. ఇదే మాట బిడ్డకు చెబితే, అయితే గోలీలు రాసేటాయనది రంగు కాగు అంది. నాది పడుగు అతుకుడు, ఇంకా నేర్చుకోలేదు అని కూడా అంది. అని, చింతగింజ ఒకటి వేళ్ల మధ్య తిప్పుతూ కూచుంది.

ఇక మరునాడు నల్లా కాడ నేనే పండితురాలిని. కొంగులు కప్పుకుని అందరూ విన్నారు. చివరికి పంటినొప్పి ఆమె అడిగింది.

"సూది లేదు, గోలి లేదు. మరి ఏమిస్తది?"

"మాట్లాడుతది."

"మాట్లాడేతందుకు ఎం.ఏ. ఎందుకే? మా ఆడిబిడ్డ ఉత్తగనే మాట్లాడుతది."

ఆ ఆడిబిడ్డ అక్కడే బిందె పట్టుకుని ఉంది. తర్వాత జరిగినదానికి ఏ రకం సైకాలజిస్టు కావాలో నాకు తెలియలేదు. నా బిందె నిండింది, ఇంటికి వచ్చేశాను.

నెలాఖరు దగ్గరపడింది. బడి వాళ్లు మళ్లీ ఫోను చేశారు. నేను దేవుణ్ణి పెద్ద కోరికలు అడగను. ఆయన ఇచ్చినవాటికి దండాలు పెట్టడానికే పొద్దు సరిపోదు. ఆ శుక్రవారం మాత్రం దీపం ముందు నిలబడి, ఏదో ఒకటి చేసి మా అత్తమ్మ తలమీద కొంగు దించు స్వామీ అని అడిగాను. అడిగి కళ్లు తెరిచేసరికి ఎదురుగా నూనె సీసా ఉంది. శనివారం ఆమె తలంటు. తలకు నూనె పెట్టేది నేనే. కొంగు దించకుండా నూనె పెట్టడం దేవుడికి కూడా రాదు.

శనివారం తలుపు దగ్గరికి వేసి, పీట మీద కూచోబెట్టి, మాడు మీద నూనె అద్దాను. నాకు మనసు చదవడం రాదు కాబట్టి ఆమెకు నా దగ్గర బెరుకు లేదు. నూనె ఇంకుతుంటే మెల్లగా ఆమె మెడ సడలింది. బిడ్డ సీటు సంగతి ఎత్తుదామని నేను గొంతు సవరించుకునేలోపే, ఆమె అడిగింది.

"నీకు ఇనపడతలేదా?"

"ఏంది అత్తమ్మా?"

"మగ్గం."

మా ఇంట్లో మగ్గం లేదు. మామ పోయాక దాన్ని ఊడదీశాం. గుంట పూడ్చి, బండలు పరిపించి, ఆ గదిలో బియ్యం బస్తాలు పెట్టుకున్నాం.

"పగటీలి అన్నం తిన్నంక ఇనపడతది. మీ మామనే. ఆయన కొట్టుడు నాకు తెల్వదా. రెండు దెబ్బలు కొడతడు, జర ఆగుతడు, మల్ల కొడతడు." తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "గిది తెలిస్తె నన్ను పట్నం తీస్కపోయి పిచ్చి దవాఖానల పడేస్తరు. ఇప్పుడంటె కొంగు ఆపుతాంది. ఇంక రెండేండ్లు చదివితె అది గోడ అవుతలికెల్లి గూడ చదువుతది."

నేను ఆమె వెనక కూచుని ఉన్నందువల్ల నా ముఖం ఆమెకు కనిపించలేదు. అందుకు దేవుడికి దండం. నా బిడ్డ సీటుకు అడ్డం పడింది ఆమె పట్టుదల కాదు, భయమే పాపం.

ఎవరికీ చెప్పనని దీపం మీద ఒట్టు వేయించుకుంది. వేశాను, తప్పలేదు. ఒట్టులో లేని ఉపాయం ఒకటి మాత్రం చెప్పాను. పక్క వాడలో ఎవరో ముసలామెకు ఇట్లా అవుతున్నదని మనుమరాలిని అడగమన్నాను. అత్తమ్మ ఆలోచించింది. ఆమెకు ఎవరున్నరని అడుగుతే ఏం చెప్పాలె అంది. కోడలున్నదని చెప్పమన్నాను.

"మంచిదేనా కోడలు?"

"చాన మంచిది."

"అయితె మన దిక్కు వాడ కాదనుకుంటరు" అంది.

ఆ సాయంత్రం అరుగు మీద, కొంగు ముక్కు దాకా లాక్కుని, మనుమరాలి వైపు కాకుండా వీధి వైపు తిరిగి, పక్క వాడ ముసలామె కథ మొత్తం చెప్పింది. నేను గడప దగ్గర బియ్యం ఏరుతున్నట్టు కూచున్నాను. బియ్యంలో రాళ్లు లేవు.

నా బిడ్డ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. ఆమె మనుషులను మర్చిపోతుందా, అన్నం సరిగ్గా తింటుందా, ఆ చప్పుడు ఏమైనా చెయ్యమని చెబుతుందా, దానికి భయపడుతుందా అని ఒక్కొక్కటే అడిగింది. భయమెందుకు, అది ఆమె మొగుడిదే గదా అంది అత్తమ్మ. తర్వాత బిడ్డ లేచి అవ్వ ఎడమ పక్కకు వచ్చి, మామూలు గొంతుతో ఏదో అడిగింది. అత్తమ్మ పలకలేదు. కుడిపక్కకు వచ్చి మళ్లీ అడిగింది.

"గా అవ్వ టీవీ గట్టిగ పెట్టుకుంటదా?"

"ఆమెనా? వాడ మొత్తం ఇనాలె" అని, వెంటనే, "అంటరు" అని కలిపింది.

"ఆమెను ముందుగల చెవుల డాక్టర్‌కు చూపియ్యాలె అవ్వా."

"పిచ్చి కాదా?"

"చెవులు సరిగ్గ ఇనపడనోళ్లకు పాత సప్పుళ్లు ఇనపడుడు ఉంటదని చదివిన. గామెది గదేనా అని నేను చెప్పొద్దు. చెప్పే అర్హత నాకింక లేదు."

"ఇంకో రెండేండ్లు చదివితె?"

"అప్పుడు గూడ ముందుగల చెవులే చూపియ్యమంట."

అత్తమ్మ ఈసారి మనుమరాలి వైపు తిరిగింది. "గోడకెల్లి చదవవా?"

"నువ్వు కొంగు తీసినా నాకు చదవరాదే అవ్వా."

"మరి ఆనాడు బెల్లం?"

"నీ చెంపకు అంటుకొని ఉండె."

అత్తమ్మ చెయ్యి మెల్లగా చెంప మీదికి పోయింది, ఆ పలుకు ఇన్నాళ్లూ అక్కడే ఉన్నట్టు తడుముకుంది. తర్వాత కొంగు దించి భుజం మీద వేసుకుంది. నేను ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరాను.

మా ఆయన కొట్టు మూసి వచ్చాక ఆయనతో చెప్పింది. "మన తాయెత్తులాయన తలనొప్పి చెప్పినా నాదే అంటడు, తప్పిపోయిన బర్రెను చెప్పినా నాదే అంటడు. గిది గిన్నేండ్లు చదివి నాది కాదంటాంది. పోనియ్యి, చదవనియ్యి."

మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు. కాని అమ్మ చెప్పింది కాబట్టి తల ఊపాడు. నా బిడ్డ అవ్వ ఒళ్లో తల పెట్టుకుని ఈసారి ఏడ్చింది. అత్తమ్మ ఆ తల నిమురుతూ నాకు ఒక్క ఆజ్ఞ వేసింది. సంగతి వాడోళ్లకు చెప్పవద్దు, కప్పుకోనియ్యి, పూజారి మెచ్చుకుంటాండు అంది.

నెలాఖరుకు ముందే బిడ్డ హైదరాబాదు పోయి చేరింది. పక్క వాడ ముసలామెను నేనూ మా ఆయనా పాలమూరు తీసుకుపోయి చెవుల డాక్టరుకు చూపించాం. ఎడమ చెవి బాగా తగ్గింది, కుడిది కొంచెం తగ్గింది అన్నాడాయన. ఆ ముసలామె తానే చెప్పిన మగ్గం సంగతి వింటూనే, కొందరికి ఇట్లా ఉంటుందని, పిచ్చి కాదని, చెవికి మిషను పెట్టుకుంటే తగ్గవచ్చని చెప్పాడు. ఇక మనసు డాక్టరు దగ్గరికి పోవాలా అని నేను అడిగితే, నిద్రకూ తిండికీ లోటు వస్తే అప్పుడు చూద్దామన్నాడు. నేను నల్లా కాడ నేర్పిన పాఠమంతా ఆయనకు అప్పజెప్పాలని నోరు దురదపెట్టింది, కాని వెనక చాలామంది రోగులున్నారు.

మిషను పెట్టుకున్నాక టీవీ చప్పుడు తగ్గింది. మా మరిది గొణిగేవన్నీ ఇప్పుడు అత్తమ్మకు వినపడుతున్నాయి, పాపం ఆయనే ఇబ్బందిపడుతున్నాడు. మగ్గం కూడా ఆగిపోయింది. వారం పది రోజులు బాగానే ఉంది. తర్వాత ఒక పగలు, అన్నం తిన్నాక చూస్తే, ఆమె మిషను తీసి చీర చెంగులో ముడివేసుకుని, బియ్యం బస్తాల గది గడప మీద కూచుని ఉంది. ఏమైందని సైగ చేశాను. ఏమీ కాలేదని చెయ్యి ఊపింది.

అప్పటి నుంచి రోజూ అంతే. బిడ్డ ఆదివారాలు ఆ వేళకే ఫోను చేస్తుంది, దవాఖానలో తను చూసిన మనుషుల పేర్లు చెప్పకుండా, తను నేర్చుకున్నవి చెబుతుంది. పోయిన ఆదివారం కూడా చేసింది. అవ్వకు ఇయ్యమంది. నేను ఫోను తీసుకుపోయి చూపిస్తే, అత్తమ్మ కళ్లు సగం మూసుకునే వేలు ఎత్తింది.

"జర ఆగమను. మగ్గం బంద్ అయినంక మాట్లాడుత."

ఆ మాట అటువైపు వినపడింది. ఆగుతలే అమ్మా అంది నా బిడ్డ. ఇద్దరం ఆగాం. అత్తమ్మ తలమీద కొంగు లేదు, చెంప మీద బెల్లం పలుకు ఉంది. ఫోనులో అది కనిపించదు కాబట్టి నేనూ చెప్పలేదు.